అంచులు తుడిచిన పుస్తకం

అక్టోబరు 21, సోమవారం. పుంగనూరు

అశ్విని ఫోన్ చేసింది. అమీనత్ షరీఫా గారు కుప్పం చేరుకున్నారు. మాలె నుంచి బెంగళూరు విమానంలో, అక్కడి నుంచి రైలులో. మెడలో గడ్డ. దీపావళి తరువాత ఆపరేషన్. మాల్దీవుల వాళ్ళు వైద్యానికి మామూలుగా తిరువనంతపురం వెళతారట. ఈమె మా అక్క కూతురు అశ్విని మాట మీద ఇంత దూరం వచ్చారు. పెళ్ళికి ముందు అశ్విని మాల్దీవుల్లో ఒక చిన్న దీవి బడిలో లెక్కలు చెప్పింది. ఆ బడి గ్రంథాలయాన్ని చూసేది ఈమే. కథలు కూడా రాస్తారట.

“పిన్నమ్మా, ఆమెకు ఈడ ఎవురూ లేరు. చంటిపాపను పెట్టుకోని నేను దినామూ ఆసుపత్రికి పోలేను. ఆదివారాలు నువ్వొచ్చి కూసుంటే సాలు. ఇద్దురూ లైబ్రేరియన్లే గదా.”

“ఏ భాషలో మాట్లాడను?” అని అడిగాను.

“హిందీలో! ఆమెకు సినిమాలు సూసి వచ్చె, నీకు పరీక్షలు రాసి వచ్చె.”

పగలబడి నవ్వింది. రాష్ట్రభాషలో నాకు ప్రథమ శ్రేణి వచ్చిన సంగతి గుర్తు చేశాను. ఇందులో నవ్వవలసినది ఏమీ లేదు.

అక్టోబరు 27, ఆదివారం

పలమనేరు, వి.కోట మీదుగా బస్సు. కుప్పం చేరేసరికి నడుము పట్టేసింది.

నేను ఊహించిన మనిషి కాదు. రచయిత్రి అంటే కొంత గాంభీర్యం ఉంటుందనుకున్నాను. మంచం మీద కాళ్ళు మడుచుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, పక్క మంచం ముసలమ్మ ఇచ్చిన వక్క నములుతూ కనిపించారు. అరవై దాటిన వయసు. నేను ఆమెను “ఆప్” అని గౌరవంగా సంబోధించాను. ఆమె మొదటి మాటలోనే నన్ను “తుమ్” అన్నారు. సినిమా హిందీ అంతేనేమో.

“మునిరత్నమ్మ,” అని పేరు చెప్పాను.

“పొడుగు పేరు. రత్నా అంటాను,” అన్నారు.

నన్ను అలా పిలిచేవారు ఎవరూ లేరు. పూర్వం ఆయన పిలిచేవారు. ఆయన బెంగళూరులో ఉన్నారు. అంతకు మించి రాయదగినది లేదు.

వాళ్ళ గ్రంథాలయం ఓడరేవు పక్కన ఒకే గది. ఇరవై ఏళ్ళ కిందట సముద్రం లోపలికి వచ్చినప్పుడు బీరువాలతో సహా అన్నీ పోయాయి. ఆ తరువాత అదే గదిలో, చేపలు ఎండబెట్టే పని ముగించుకుని వచ్చే ఆడవాళ్ళకు రాత్రిపూట అక్షరాలు నేర్పారట. నేను కూడా రాత్రి బడి మనిషినే అని చెప్పాను. పగలు మదనపల్లె మార్కెట్టులో టమాటాలు ఏరుతూ రాత్రి పదో తరగతి చదివిన సంగతి, తరువాత డిగ్రీ, తరువాత గ్రంథాలయ శాస్త్రంలో సర్టిఫికెట్. ఆమె నా చెయ్యి తీసుకుని అరచేతిని తిప్పి చూశారు. నేను వెనక్కి తీసుకున్నాను.

ఆమె అచ్చు వేయించుకున్న కథల పుస్తకం తలగడ కింద ఉంది. అందులోంచి ఒక కథ చెప్పారు. ఒకామెకు భర్త విడాకులిచ్చి రాజధానికి పోతాడు. మళ్ళీ వస్తాడు, మళ్ళీ ఆమెనే పెళ్ళాడతాడు, మళ్ళీ పోతాడు. వాళ్ళ దేశంలో ఇది వింత కాదట. చివరిసారి వచ్చినప్పుడు ఆమె తలుపు మూసేస్తుంది. కిటికీ మాత్రం తెరిచే ఉంచుతుంది. కథ అక్కడ ఆగిపోతుంది.

“అదేం ముగింపు?” అన్నాను. “కిటికీ కూడా మూయవలసింది.”

ఆమె నా వైపు చూసి గొంతు పట్టుకుని నవ్వారు. గడ్డ వల్ల నవ్వితే నొప్పి. అయినా నవ్వారు.

గ్రంథాలయ వారోత్సవాలలో ఈ పుస్తకాన్ని మా పఠన మందిరంలో ప్రదర్శిస్తానని అడిగాను. విదేశీ రచయిత్రి స్వయంగా ఇచ్చిన పుస్తకం పుంగనూరులో మరెక్కడ ఉంటుంది? ఆమె వెంటనే ఇవ్వలేదు. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, “ఇది ఒక్కటే మిగిలింది. సముద్రం వచ్చినరోజు ఒకరి ఇంట్లో ఉండి బతికింది,” అన్నారు.

“నేను గ్రంథపాలకురాలిని,” అని చెప్పాను.

ఇచ్చారు.

అక్టోబరు 29, మంగళవారం

పుస్తకం దయనీయ స్థితిలో ఉంది. అట్ట ఊడింది. జిగురు ఎండి పొడి రాలుతోంది. అన్నిటికన్న ఘోరం, ప్రతి కాగితం ఎడమ అంచున పెన్సిల్ రాతలు. పెద్ద పెద్ద వంకర అక్షరాలు, ఒక్కొక్క చోట ఒక్కొక్క చేతిరాత. బడి పిల్లల పని. ఆ గ్రంథాలయంలో క్రమశిక్షణ బొత్తిగా లేదన్నమాట. మా మందిరంలో “పుస్తకములపై గీయరాదు” అన్న బోర్డు నేనే రాయించి వేలాడదీశాను.

నిన్నా నేడూ కూర్చుని రబ్బరుతో మొత్తం తుడిచాను. నొక్కి రాయడం వల్ల సులువుగా పోలేదు. వేళ్ళు నొప్పి. ఇప్పుడు అంచులు ఉతికి ఆరేసిన పంచెలా ఉన్నాయి.

బైండింగు చేయించి ఇస్తాను. ఆమెకు చెప్పను. చూసి ఆశ్చర్యపోవాలి.

అక్టోబరు 30, బుధవారం

మదనపల్లె వెళ్ళి వెంకటేశులుకు పుస్తకం ఇచ్చాను. బెంగళూరు బస్టాండు వెనక సందులో అతని దుకాణం. మా మందిరం పుస్తకాలు అన్నీ అతనే కుడతాడు. ఎర్ర క్యాలికో బట్ట అట్ట, బంగారు అక్షరాలు.

ఆయన ఫోన్ చేశారు. ఎత్తలేదు.

నవంబరు 3, ఆదివారం

కుప్పం. రేపు ఆపరేషన్. ఆమె భయపడటం లేదని చెబుతున్నారు, కాని నా కొంగు అంచు పట్టుకునే మాట్లాడారు.

“పుస్తకం?” అని అడిగారు.

“భద్రంగా ఉంది.”

నవంబరు 4, సోమవారం

ఆపరేషన్ బాగా జరిగిందని అశ్విని చెప్పింది. గొంతు కొన్నాళ్ళు గుసగుసగానే వస్తుందట.

నవంబరు 7, గురువారం

పుస్తకం వచ్చింది. ఎంత అందంగా ఉందో! ఎర్ర అట్ట మీద తెలుగులో ఆమె పేరు.

వెంకటేశులు తన పనితనం తానే పొగుడుకున్నాడు. “ఏం మేడమ్, ఆ ప్రెస్సోడు తాగి కుట్నాడా యేంది? ఒకటో పేజీ ఆకర్న ఉండాది! కుట్టేమో కుడిపక్క! పాత కుట్టు మిషన్‌తో కోసేసి, నేనే సక్కంగా ఎడంపక్క కుట్టినా. ఇప్పుడు సూడు, ఒకటి నుంచి మొదులైతాది.”

శ్రద్ధ గల పనివాడని మెచ్చుకున్నాను.

నవంబరు 8, శుక్రవారం

ఉర్దూ పత్రిక కోసం రోజూ వచ్చే ఖాసిం సాహెబు గారు, విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయులు, బల్ల మీద పుస్తకం చూశారు. తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు.

“ఏమ్మా, ఇది కుడిపక్క నుంచి తెరవాల గదా. యాల ఈ పక్క కుట్టించినారు?”

“ఇది ఉర్దూ కాదండీ, మాల్దీవుల భాష,” అన్నాను.

“లిపి యాడిదైతే యేమి తల్లీ, అది నడిసేది కుడి నుంచే గదా. ఈ సూడు, వాక్యం ఈడ మొదులైతాంది.”

ఆయన వేలు పెట్టి చూపించారు. మా మందిరంలో ఉర్దూ పుస్తకాల బీరువా ఉంది. పన్నెండేళ్ళుగా ఆ బీరువాకు నేనే తాళం వేస్తున్నాను.

నవంబరు 9, శనివారం

వెంకటేశులుతో గొడవ. రాత్రి బడిలో నేర్చుకున్న భాష అంతా ఎగిరిపోయి నా నోట మా సొంతవూరు తంబళ్లపల్లె మాటలే వచ్చాయి.

“నీకు కండ్లు లేవా అప్పా? పేజీలు తిప్పేటప్పుడు అక్షరాలు సూసుకోవా?”

“నాకా భాష వస్తాదా మేడమ్? నువ్వు సదువుకున్నదానివి, ఇచ్చేటప్పుడు ఒక మాట సెప్పుంటే నాకేం ముల్లు గుచ్చుకుంటాదా? నంబర్లు ఇంగిలీషువే గదా, నంబర్లు సూసి కుట్టినా.”

విప్పి మళ్ళీ కుట్టవచ్చు, కాని కుడి అంచు యంత్రంతో కోసేశాడు గనుక కాగితపు పట్టీలు అతికితే తప్ప కుట్టు పట్టదట. ఎడమ అంచు మాత్రం కుట్టు లోపలికి పోయింది, విప్పితే బయటపడుతుంది.

తప్పు పూర్తిగా బైండరుదే. ఇది స్పష్టం.

నవంబరు 10, ఆదివారం

కుప్పం వెళ్ళలేదు. బస్సులు రద్దీగా ఉన్నాయి.

సాయంత్రం అశ్విని ఫోన్. ఆమెను ఆసుపత్రి నుంచి అశ్విని ఇంటికి తీసుకువచ్చారట. “పిన్నమ్మా, గొంతు పెగలంగానే అడిగిన మొదటి మాట ఆ పుస్తకమే. దాంట్లో పక్కన పెన్సిల్‌తో రాసినవి ఉండాయి సూడు, అవి ఆమె కాడ అక్షరాలు నేర్చుకున్న ఆడోళ్ళు రాసినవంట. కథ సదివి, నచ్చింది, నచ్చలేదు అని. ఆయమ్మలు జన్మలో మొదట రాసిన రాతలంట. వాళ్ళల్లో హవ్వా అని ఒకామె మొన్న మే నెల్లో సచ్చిపోయె. ఆమె కూతురికి అమ్మ చేతిరాత ఇంకొకటి లేదంట. ఫోటో తీసి పంపమని దినామూ అడుగుతాంది. రేపు వాట్సాప్‌లో పంపిస్తావా?”

“చూస్తాను,” అన్నాను.

తలనొప్పిగా ఉంది.

నవంబరు 11, సోమవారం

ఆ రాతలు కుట్టు లోపలికి పోయాయని అశ్వినికి చెప్పాను. ఇది నిజమే. ఎడమ అంచు కుట్టు లోపలికి పోయింది. బైండరు చేసిన పని.

నవంబరు 12, మంగళవారం

నియమం ప్రకారం ఏ గ్రంథపాలకురాలైనా బైండింగుకు పంపే ముందు పుస్తకాన్ని శుభ్రం చేయాలి. నేను చదివిన పాఠ్యపుస్తకంలో ఉంది.

నవంబరు 13, బుధవారం

ఆ పాఠ్యపుస్తకం తీసి వెతికాను. ధూళి దులపాలని ఉంది.

నవంబరు 14, గురువారం

వారోత్సవాల ప్రారంభం. పుస్తకాన్ని ప్రదర్శనలో పెట్టలేదు. ఖాసిం సాహెబు గారు అడిగారు. మరమ్మతులో ఉందన్నాను. పిల్లల వక్తృత్వ పోటీలో బహుమతులు నా చేతుల మీదుగా ఇప్పించారు. పుస్తకం చేతికొచ్చిన ఒక పాప, “మేడమ్, దీంట్లో నా పేరు రాసుకోవచ్చునా?” అని అడిగింది. జాబితాలో తరువాతి పేరు పిలిచాను.

నేను మొదట రాసిన రాత ఏది? మా అమ్మ దాచలేదు. ఆమెకు చదువు రాదు, ఏది దాచాలో తెలియదు. మార్కెట్టులో టమాటా పెట్టె చెక్క మీద బొగ్గుతో నా పేరు రాసుకున్నట్టు జ్ఞాపకం. ఆ పెట్టె లారీ ఎక్కి ఏ ఊరు పోయిందో.

నవంబరు 17, ఆదివారం. కుప్పం, అశ్విని ఇల్లు

వివరంగా రాయాలి. రాయకపోతే రేపు మరొక విధంగా జ్ఞాపకం పెట్టుకుంటాను.

పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. మెడకు కట్టు ఉంది. ముందు ఎర్ర అట్టను, బంగారు అక్షరాలను వేలితో తడిమి చూశారు. తన పేరేనా అని సైగ చేశారు. అవునన్నాను. సంతోషించారు. తరువాత అలవాటుగా కుడి వైపు నుంచి తెరవబోయారు. కుట్టు తగిలింది ఎడమ వైపు.

“బైండరు,” అన్నాను. “బైండరు పొరపాటు చేశాడు. అతనికి లిపి తెలియదు.”

ఆమెకు కోపం రాలేదు. గుసగుసగా నవ్వి, “మీ పుస్తకాలు మా దీవికి వస్తే మేమూ ఇలాగే కుట్టేవాళ్ళం,” అన్నారు. తరువాత అశ్వినిని కత్తెర అడిగారు.

“ఇప్పుడెందుకు?” అన్నాను. “నేను తీసుకెళ్ళి జాగ్రత్తగా విప్పిస్తాను. మీరు నీరసంగా ఉన్నారు.”

“హవ్వా కూతురు ఎదురు చూస్తోంది.”

“రేపు...”

“రత్నా, దారమే కదా.”

ఒక్కొక్క ముడి కత్తిరించారు. నేను ఆపలేదు. ఆపి ఉంటే ఏమి చెప్పి ఆపాలి? కుట్టు విడింది. కాగితాలు ఒళ్ళో పరుచుకున్నాయి. ఎడమ అంచున సూది రంధ్రాలు, వాటి పక్కన తెలుపు. ఆమె ఒక కాగితం తీశారు, ఇంకొకటి తీశారు, కళ్ళద్దాలు పెట్టుకున్నారు, కిటికీ దగ్గరకు వెళ్ళారు. వేరే పుస్తకమేమోనన్నట్టు మొదటి పుట మళ్ళీ చూశారు.

“అశ్వినీ, ఇవి ఎక్కడ?” అన్నారు. నన్ను అడగలేదు.

అశ్విని పాపను చంకలో వేసుకుని నా ముఖం చూసింది. “పిన్నమ్మా, కుట్టు లోపల ఉండాయంటివి గదా?”

“నేను తుడిచాను,” అన్నాను.

“ఏందీ?”

“రబ్బరుతో. బైండింగుకు ముందు. పిల్లలు గీశారనుకున్నాను.”

తెలుగులో అన్నాను. ఆమెకు అర్థం కాదు. పరీక్షలన్నీ పాసైన హిందీలో ఆ ఒక్క వాక్యం కుదరలేదు. చూపుడు వేలితో గాలిలో తుడుస్తున్నట్టు చేసి చూపించాను.

ఆమె కాగితాలన్నీ ఒక్కటొక్కటిగా పోగుచేసుకుని మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నారు.

“ఇంత సదివినావే పిన్నమ్మా,” అంది అశ్విని. గట్టిగా కూడా అనలేదు.

నవంబరు 18, సోమవారం

సెలవు పెట్టాను.

నవంబరు 20, బుధవారం. మదనపల్లె

వెంకటేశులు దుకాణానికి వెళ్ళాను. పొద్దున్నే అశ్విని భర్త ఆ కాగితాలు తెచ్చి ఇచ్చాడు. ఆమే పంపించారట. మాట ఏదీ పంపలేదు.

పట్టీలు ఎలా అతకాలో నేర్పమన్నాను.

“నువ్వు అతుకుతావా మేడమ్? మొన్న నన్ను తిట్టిన తిట్లకు మా ఆడది ఇంకా నవ్వుతాండాది. ఈ సారి నాతో పన్లేదా?”

“మొన్నటి మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. నీకంటే ముందు నేను పాడుచేశాను.”

అతను నా ముఖం ఒకసారి చూశాడు. మైదా జిగురు కలిపి పెట్టాడు. “పల్సగా పూయల్ల. లావుగా పూస్తే కాయితం ముడుసుకుంటాది.” రోజంతా ఇద్దరం కూర్చుని అతికాం. నేను అతికినవి మూడొంతులు వంకర. అతను ఊడదీసి సరిచేశాడు.

మధ్యాహ్నం వాలు ఎండ తలుపులోంచి బల్ల మీద పడింది. అప్పుడు ఒక కాగితం అంచున కనిపించింది. రంగు లేదు, గాడి మాత్రం ఉంది. అక్షరాలు కొత్తగా నేర్చుకున్నవారు పెన్సిలును నొక్కి పడతారు. నేనూ అంతే. మా మాస్టరు, “కాగితాన్ని పొడవకు మునిరత్నా,” అనేవారు.

అన్నిటిలో కనిపించలేదు. చాలా వాటిలో రబ్బరు కాగితం పై పొరను కూడా లేపేసింది. నేను శ్రద్ధగా పనిచేశాను.

నవంబరు 24, ఆదివారం. కుప్పం

ఎల్లుండి ఆమె ప్రయాణం.

పుస్తకం కుడి వైపు నుంచి తెరుచుకుంటోంది. అట్ట అదే. ఆమె తెరిచి, మూసి, తల ఊపారు. నేను సెల్‌ఫోన్ లైటు వెలిగించి కాగితానికి పక్కవాటుగా పట్టుకుని గాడులు చూపించాను. ఆమె వంగి చూశారు. చాలాసేపు ఒక్కొక్క పుట తిప్పించారు. నా చెయ్యి లాగుతున్నా లైటు దించలేదు. కొన్నిచోట్ల ఆగి పెదవులు కదిపారు. కొన్నిచోట్ల తల అడ్డంగా ఆడించి ముందుకు పోయారు.

కిటికీ కథ చివరి పుట దగ్గర ఆగారు. అక్కడ రెండు మూడు అక్షరాల గాడి ఉంది, మధ్యలో సూది రంధ్రం. “హవ్వా,” అన్నారు. ఫోటో తీయించారు. అశ్విని నాలుగైదు తీస్తే ఒక దాంట్లో కాస్త కనిపించింది.

“నేను ఈ గాడి మీద పెన్సిలుతో దిద్దనా?” అని అడిగాను.

“వద్దు. దిద్దితే అది నీ చేతిరాత అవుతుంది.”

గొంతు ఇంకా గరగరలాడుతోంది. కాసేపటికి సంచిలోంచి పెన్సిలు తీసి నా చేతికి ఇచ్చారు. దాని చివర దారం కట్టి ఉంది, వాళ్ళ గ్రంథాలయం బల్లకు కట్టి ఉంచే పెన్సిలట.

“నువ్వూ ఈ కథ విన్నావు. నువ్వూ రాత్రి బడి మనిషివే. రాయి. అంచులు ఇంత తెల్లగా నేను ఇంటికి తీసుకుపోలేను.”

“పుస్తకం మీదా?”

“మరి దేని మీద?”

నా జీవితంలో పుస్తకం మీద గీయలేదు. గాడి కింద, ఖాళీలో రాశాను. కింద నా పేరు, బి.ఎ., సర్టిఫికెట్ వివరం రాయబోయి మానుకున్నాను.

“ఏమని?” అన్నారు ఆమె.

“కిటికీ కూడా మూయవలసింది, అని.”

ఆమె నవ్వలేదు. వేలితో పైనున్న గాడిని తాకారు.

“హవ్వా రాసిందీ ఇదే. నాకు కంఠతా వచ్చు, మాటకు మాట ఇదే. నువ్వు తుడిచింది ఇదే.”

పాప ఏడిస్తే అశ్విని లోపలికి వెళ్ళింది.

“ఆమె మూసిందా? హవ్వా?” అని అడిగాను.

“రాసింది. మూయలేదు. చనిపోయే దాకా ఆ మనిషి వస్తూనే ఉన్నాడు.”

నన్ను క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. బయలుదేరేటప్పుడు నా కొంగు అంచు ఒకసారి పట్టుకుని వదిలారు.

బస్సులో ఆయన ఫోన్ వచ్చింది. మోగినంతసేపూ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

నవంబరు 27, బుధవారం. పుంగనూరు

ఆమె క్షేమంగా దీవికి చేరారు.

సాయంత్రం అశ్విని ఫోన్. హవ్వా కూతురు పుస్తకం చూసిందట. ఆ పుట దగ్గరే కూర్చుండిపోయిందట.

“పిన్నమ్మా, ఆ పిల్ల ఒకటి అడుగుతాంది. వాళ్ళమ్మ రాత కింద గుండ్రంగా ఏదో భాషలో రాసుండాదే, అది ఎవురు రాసినారు అని. ఏమని సెప్పేది? నీ పేరు సెప్దునా? ఇండియాలో పెద్ద లైబ్రేరియన్ అని సెప్తాలే, సంతోషపడతాది.”

“వద్దు,” అన్నాను.

“మరి?”

“వాళ్ళమ్మ రాత తుడిచిన మనిషి అని చెప్పు.”